ఖాళీ పాడె

క్రికెటర్ జయంత్ బర్వే పోయాడు. ముందురోజు సాయంత్రం దాకా నెట్స్‌లో బ్యాటు ఊపిన మనిషి, తెల్లారేసరికి గుండె ఆగి పోయాడని టీవీలో చెప్పారు. సత్తెనపల్లిలో బర్వే అభిమాన సంఘం అధ్యక్షుడు కోటేష్ ఆ మాట విన్న దగ్గర్నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు.

"ఆయన పోతే అన్నం మానేశావు. నేను పోతే కాఫీ అన్నా మానేస్తావా?" అని దెప్పి, పెళ్లాం నాగజ్యోతి మిరపకోతకు వెళ్లిపోయింది. కోటేష్ సెంటరుకు వచ్చేశాడు.

ఊరంతా బంద్. మిర్చి లారీలను రోడ్డుకు అడ్డం పెట్టించి, టైర్లలో గాలి తీయించాడు. పొద్దున ఒక పెళ్లి వ్యాను వాళ్లు పురిటినొప్పులని నాటకమాడి జారుకున్నారు. అప్పుడు కుర్రాళ్లకు గట్టిగా చెప్పాడు.

"ఇక నేనొచ్చి కాళ్లు పట్టుకున్నా దారి వదలొద్దు!"

సెంటర్ మధ్యలో పాడె కట్టారు. దాని మీద గడ్డిబొమ్మ. దానికి తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, నెత్తిన హెల్మెట్, పక్కన బ్యాటు. ఊరేగించి, ఆసుపత్రి అవతలున్న గ్రౌండులో కాల్చాలి. కోటేష్ ఏడుస్తూనే బొమ్మ బొత్తాలు సర్దుతున్నాడు.

"ఒరేయ్ కోటేషూ!"

అతని తల్లి బసవమ్మ. చెప్పుల్లేవు, జుట్టు ముడి ఊడిపోయింది.

"జ్యోతిని రక్తపింజర కరిచిందిరా! ఆటో లారీల ఎనకమాల ఆగిపోయింది!"

కోటేష్ ఒక్క పరుగున వెళ్లాడు. ఆటోలో నాగజ్యోతి కాలు మోకాలి దాకా వాచి నల్లబడింది. చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది. ఆమెను భుజాన వేసుకుని లారీల సందుల్లోంచి సెంటరు దాకా వచ్చాడు. అక్కడ ఆగిపోయాడు. ఎదురుగా గోడలా జనం.

"తప్పుకోండ్రా! పాము కరిచింది!"

డప్పుల మోతలో చాలామందికి వినపడలేదు. విన్నవాళ్లు నమ్మలేదు. పక్క ఊళ్లనుంచి వచ్చినవాళ్లకు అతనెవరో తెలియదు.

"పొద్దునా ఇదే డ్రామా. ఎనక్కి పోవోయ్!" అని ఒకడు రొమ్ము మీద చెయ్యి వేసి నెట్టాడు.

సంఘం కార్యదర్శి లక్ష్మీకాంత్ తోసుకుంటూ వచ్చాడు. "అన్నా, నువ్వొచ్చినా వదలొద్దని నువ్వే..." అంటూ నాగజ్యోతి నోరు చూసి ఆగిపోయాడు.

ఈ జనం ఒక్కదానికే దారి ఇస్తారు. కోటేష్ చూపు పాడె మీద పడింది. సంఘం కుర్రాళ్లను చుట్టూ అడ్డం నిలబెట్టి, బొమ్మను లాగి పక్కన పడేశాడు.

"బతికున్న మనిషిని పాడె ఎక్కిస్తావంట్రా!" బసవమ్మ గుండెలు బాదుకుంది.

"నోర్మూసుకో అమ్మా!"

నాగజ్యోతిని పడుకోబెట్టి, బొమ్మ కింద పరిచిన తెల్లదుప్పటి నిండా కప్పాడు. గుండెల మీద బ్యాటు పెట్టాడు. అతనితో పాటు లక్ష్మీకాంత్, మరో ఇద్దరు భుజం పట్టారు.

"బర్వే అమర్ రహే!" కోటేష్ గొంతు చించుకున్నాడు.

జనం రెండుగా చీలారు. పేలాలు, చిల్లర, బంతిపూలు దుప్పటి మీద పడుతున్నాయి. అడ్డుకున్నవాడే ఏడుస్తూ దణ్ణం పెట్టాడు. దుప్పటి కింద మూలుగు కోటేష్ చెవికి అందుతోంది. డప్పు ఆగితే అందరికీ తెలిసిపోతుంది. కాసేపటికి ఆ మూలుగు కూడా ఆగిపోయింది. నలుగురూ పరుగందుకున్నారు.

ఆసుపత్రిలో డాక్టరు దుప్పటి తీశాడు. "ఇంత ఆలస్యమా?" అంటూనే విషానికి విరుగుడు సూది వేశాడు. "రక్తం గడ్డ కట్టడం లేదు. ఇప్పుడే ఏం చెప్పలేను."

బయట పాడె ఖాళీగా ఉంది. వెనకాలే వచ్చిన బసవమ్మ దాని వంక చూసి కొడుకు చెయ్యి పట్టుకుంది.

"మనిషిని దించిన పాడె ఖాళీగా ఉండకూడదురా. అది మనిషినే అడుగుద్ది. ఆ బొమ్మను తెచ్చి పడుకోబెట్టు."

మామూలప్పుడైతే కోటేష్ నవ్వేవాడు. ఇప్పుడు జనంలోకి పరుగెత్తి, కాళ్ల కింద నలిగిన బొమ్మను చంకన పెట్టుకొచ్చాడు. ఊడిన చెయ్యి తువ్వాలుతో కట్టాడు. పాడె మీద పడుకోబెట్టి, హెల్మెట్ దగ్గర నోరు పెట్టాడు.

"గురూ, పదేళ్లు నీకోసం గొంతు పోయేలా అరిచాను. నువ్వు ఎట్టాగూ పోయావు. ఒక్కడివే పో. దాన్ని తీసుకుపోబాక, నీ కాళ్లు మొక్కుతా."

గ్రౌండులో నిప్పు పెట్టింది కూడా అతనే. గడ్డి భగ్గుమంది. కోటేష్ కింద పడి దొర్లి దొర్లి ఏడ్చాడు.

"అభిమానమంటే అదిరా," అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు, కళ్లు తుడుచుకుంటూ. ఎవరో పట్టి లేపి కాఫీ గ్లాసు చేతికిచ్చారు. అతను దాన్ని నేల మీద పెట్టి ఆసుపత్రి వైపు పరుగెత్తాడు.