చంద్రరావు పూచీ

చంద్రరావు డ్రమ్ములో నానిన గుల్లసున్నాన్ని పాత పంచె గుడ్డలోంచి మూడోసారి వడగట్టాడు. నలక మిగిలితే గోడ మీద చార పడుతుంది. చార పడితే ఇంటావిడ మాణిక్యాంబగారి కళ్ళజోడుకి మొట్టమొదట అదే కనబడుతుంది. తుమ్మబంక కలిపి, చిటికెడు నీలిమందు వేసి, కర్రతో తిప్పాడు. ఇంకా ఆరు కాలేదు. పెరట్లో జామచెట్టు మీద ఉడుతలు అప్పుడే తగవు మొదలెట్టాయి.

పదకొండున్నరకి ముహూర్తం. ఈలోపల వంటిల్లు, తూర్పుగది, వీధి వరండా రెండో పూత అయిపోవాలి. ఇవాళ జ్యేష్ఠ బహుళ త్రయోదశి. రేపు చతుర్దశి, ఎల్లుండి అమావాస్య, ఆపైన ఆషాఢం. ఆషాఢంలో అద్దింట్లో పాలు పొంగించే ధైర్యం రాజమండ్రిలో ఎవరికుంది? ఇవాళ పొంగితే పొంగినట్టు. లేకపోతే ఈ ఇంట్లో అద్దెకి దిగబోతున్న సూర్యకళ కుటుంబం నెలాఖరుకి ఆ తాడితోట రేకుల గది కూడా ఖాళీ చేసి, రోడ్డు మీద నిలబడాల్సిందే.

నిచ్చెన ఎక్కుతుంటే ఎడమ జబ్బ కిందనుంచి గుంజింది. ఈ నెలలో ఇది మూడోసారి. ఇక నిచ్చెన ఎక్కొద్దని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పి పది రోజులైంది. నిచ్చెన ఎక్కకుండా సున్నం ఎలా వేస్తారో ఆయన చెప్పలేదు మరి! చంద్రరావు కాసేపు మెట్టు పట్టుకుని నిలబడి, నొప్పి సర్దుకున్నాక కుంచె ముంచాడు.

మనిషి పొట్టి. అరవై దాటాయి. కాకీ నిక్కరు, చిల్లుల బనీను, తలకి తువ్వాలు. సున్నం తిని తిని వేళ్ళ చివర్లు పగుళ్ళిచ్చాయి. కనుబొమలు తెల్లబడింది వయసుతోనో సున్నంతోనో ఎవరూ చెప్పలేరు. పెళ్ళాం పోయి పన్నెండేళ్ళు. పిల్లల్లేరు. దానవాయిపేట మొత్తం మీద అతను పూత వెయ్యని గోడలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఏ గది వానకి చెమరుస్తుందో, ఏ నూతిలో వేసవికి నీళ్ళు అడుగంటుతాయో కట్టించిన వాళ్ళకన్నా అతనికే బాగా తెలుసు. అద్దెకున్న వాళ్ళు ఖాళీ చెయ్యగానే ఇంటివాళ్ళు ముందు కబురు పెట్టేది సున్నానికి కదా! అందుకే ఇల్లు వెతుక్కునే వాళ్ళు అతని చుట్టూ తిరిగేవారు.

ఆ పేటలో అద్దెలంటే మాటలా! వీధికి ముగ్గురు డాక్టర్లు వెలిశాక రెండు గదుల వాటాకి కూడా కొమ్ములొచ్చాయి. బ్రోకర్లయితే ఇల్లు చూపించినందుకే నెల అద్దె గుంజుతారు. చంద్రరావు అలా కాదు. ముప్ఫై ఏళ్ళలో ఎన్ని సంసారాలకి గూడు చూపించాడో! ఎవరి దగ్గరా పైసా ముట్టలేదు. పాలు పొంగించిన రోజున గ్లాసెడు పాలు పుచ్చుకునేవాడు. అంతే. అదేం మనిషో, అటువంటి వాడు ఆ పేటకి ఇంకొకడు దొరకడు.

సూర్యకళ అతని దగ్గరికి వచ్చింది పదిహేడు ఇళ్ళు తిరిగి, ఒకసారి ఏడ్చేసి. మొగుడు ఉదయభాస్కర్ తాడితోటలో బట్టల కొట్లో గుమస్తా. ఇద్దరాడపిల్లలు. అత్తగారు లోవమ్మకి పక్షవాతం. కాళ్ళూ చేతులూ ఆడించే వైద్యం చేయించడానికి రోజూ దానవాయిపేట తీసుకురావాలి. రిక్షాలో తెచ్చి, తీసుకెళ్ళేసరికి ఆవిడకి ప్రాణం కళ్ళలోకి వస్తోంది. ఇక్కడే ఇల్లు దొరికితే బాధ తీరుతుంది. కానీ అద్దె కుదిరిన చోట కూడా "పెద్దావిడ మంచంలో ఉంటారండి" అనగానే, ఇంటివాళ్ళకి ఉన్నట్టుండి వైజాగు నుంచి తమ్ముడు వచ్చేసేవాడు. కారణం అందరికీ తెలిసిందే. నక్షత్రం బాగోలేనప్పుడు ఇంట్లో మనిషి పోతే, ఆ ఇల్లు నెలల తరబడి మూసెయ్యాలి. ఏ ఇంటివాళ్ళు ఒప్పుకుంటారు?

మాణిక్యాంబకి అద్దె మీద ఆశ లేదు. వెనక రెండు గదుల్లో తనుంటూ, ముందు వాటా తక్కువకే ఇస్తుంది. గోడలకి మేకులు కొట్టని సంసారమైతే చాలు ఆవిడకి.

పదకొండు కావస్తుండగా గేటు ముందు రిక్షా ఆగింది. సూర్యకళ పాలచెంబుతో దిగింది. ఉదయభాస్కర్ తల్లిని రెండు చేతుల మీద ఎత్తుకుని దించాడు. పిల్లలిద్దరూ దిండూ దుప్పటీ పట్టుకుని వెనకాల నిలబడ్డారు.

మాణిక్యాంబ వరండాలోకి వచ్చింది. "ఎవరావిడ?"

"మా అత్తగారండి," అంది సూర్యకళ తలదించుకుని.

"ఏంటి చంద్రరావూ! మొగుడూ పెళ్ళాం, ఇద్దరు పిల్లలూ అన్నావు!"

"ఆయ్, ఆ నలుగురూ ఉన్నారు కదమ్మగారూ. ఈవిడ అయిదో ఆవిడ," అన్నాడు నిచ్చెన మీంచి.

"వేళాకోళాలు చాలు. దిగు ముందు."

దిగాడు. ముప్ఫై ఏళ్ళలో తెలిసి దాచింది ఇదొక్కటే. దాచినందుకు సిగ్గుగానే ఉంది.

"మా ఆయన పోయినప్పుడు చూశావు కదా! ఆర్నెల్లు ఇల్లు మూసుకుని కొవ్వూరులో మరదలి చేతి కూడు తిన్నాను. ఆవిడ కంచం పెట్టే చప్పుడు నాకిప్పటికీ వినపడుతుంది. ఈ వయసులో మళ్ళీ ఎవరి పంచన చేరమంటావు నన్ను?" అంది మాణిక్యాంబ. ఆవిడ భయం ఆవిడది. అందులో అబద్ధం లేదు.

"ఆర్నెల్లయ్యాక ఈ తలుపు తీసినప్పుడు ముందు లోపలికెళ్ళిందెవరమ్మగారూ?"

"నువ్వే."

"నాకేమైనా అయ్యిందా?"

ఆవిడ చూపు అప్పుడే పూసిన గోడ మీదికి పోయింది.

"ఈ పెద్దమ్మ మళ్ళీ లేచి తిరుగుద్దని డాక్టరుగారన్నారండి. లేవడానికే తెచ్చుకున్నారు. అంతగా ఆ ఘడియే వస్తే నా చేతుల్తో నేనే గేటు దాటిస్తాను. మీ గుమ్మానికి ఆ దోషం అంటనివ్వను. ఆ పూచీ నాది."

కొడుకు చేతుల మీదున్న లోవమ్మ గట్టిగా గాలి పీల్చి, వంకరపోయిన నోటితో, "సున్నం... మంచి... వాసన," అంది.

మాణిక్యాంబ కాసేపు ఆవిడ వంకే చూసింది. తర్వాత గోడ గడియారం చూసింది. "ఇంకా నిలబడతారేంటి? అవతల ముహూర్తం దాటిపోతోంది. పొయ్యి వెలిగించండి!" అని కసిరి, కళ్ళజోడు తుడుచుకుంది.

సరిగ్గా పదకొండున్నరకి, పంతులుగారు మంత్రం చదువుతుండగా, తూర్పు మూలన పాలు పొంగాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. లోవమ్మని తూర్పుగదిలో కిటికీ పక్కన పడుకోబెట్టారు. మొదటి గ్లాసు దేవుడికి పెట్టి, రెండోది సూర్యకళ వరండా అరుగు మీద కూర్చున్న చంద్రరావుకి తెచ్చింది.

"బాబాయ్, పుచ్చుకోండి. మీ రుణం ఈ జన్మకి తీరదు."

"ఊరుకో తల్లీ," అన్నాడు గాని, చంద్రరావు ముఖం విప్పారింది. తడి చేత్తోనే గ్లాసు అందుకుని ఒక్క గుటక వేశాడు.

అప్పుడొచ్చింది నొప్పి. పొద్దుటిలాంటిది కాదు. జబ్బలోంచి దవడలోకి పాకింది. ఒళ్ళంతా చల్లటి చెమట పట్టింది. ఇది వేరని అతనికి అర్థమైంది. లోపలినుంచి పిల్లల నవ్వు వినిపించింది. అతను గ్లాసు అరుగు మీద మెల్లగా పెట్టి, గోడ పట్టుకుని లేచాడు.

"అదేంటి బాబాయ్, తాగలేదేం?"

"ఇప్పుడే వస్తానమ్మా."

గేటు దాటాడు. వెనక్కి తిరిగి గడియ పెట్టాడు. పక్కింటి వాళ్ళది చల్లటి అరుగు. కూర్చోలేదు. ఆ పైది సూరమ్మగారి ఇల్లు, వేపచెట్టు నీడ ఉంది. అక్కడా ఆగలేదు. మూడో గేటూ దాటి, గోడలు పట్టుకుంటూ, ఎవరి గుమ్మమూ లేని మున్సిపాలిటీ నీళ్ళ ట్యాంకు దాకా ఎండలో నడిచి, ఆ పిట్టగోడకి చేరబడ్డాడు.

పావుగంటకి ట్యాంకు వాచ్‌మన్ ఏసురాజు పరిగెత్తుకుంటూ వచ్చాడు. "అమ్మగారూ, మన చంద్రరావు... నీళ్ళడిగాడండి. తెచ్చేలోపల తల వాల్చేశాడు."

ఉదయభాస్కర్ చెప్పుల్లేకుండా పరిగెత్తాడు. ముహూర్తం పెట్టిన పంతులుగారు ఇంకా ఇంట్లోనే ఉన్నారు. మాణిక్యాంబ ఆయన వైపు తిరిగింది.

"ఇవాళ నక్షత్రం ఏంటండీ?"

"రోహిణి. పాలు పొంగించడానికి దివ్యమైనదమ్మా." ఆయన ఆగి, గొంతు తగ్గించాడు. "ఇంట్లో పోయుంటే మాత్రం నాలుగు నెలలు మూసెయ్యాల్సొచ్చేది."

మాణిక్యాంబ గడియ పెట్టి ఉన్న గేటు వంక చూసింది. ఎందుకు లేచాడో, అంత ఎండలో అంత దూరం ఎందుకు నడిచాడో అప్పుడు తెలిసింది. అక్కడే మెట్టు మీద కూలబడి, సొంత మనిషి పోయినట్టు ఏడ్చింది.

సూర్యకళ కళ్ళు తుడుచుకుంటూ అరుగు మీది గ్లాసు తియ్యబోతే, "ఉండనీ అమ్మా," అంది మాణిక్యాంబ.

గ్లాసులో పాలు ఒక్క గుటకే తగ్గి, మీగడ కట్టాయి. స్టీలు మీద అయిదు సున్నపు వేలిముద్రలు ఆరి తెల్లబడ్డాయి.