పరగడుపున వేసిన మాత్రలు

మా ఆయన దర్జీ. ఆయన బట్ట కత్తిరిస్తాడు, నేను మిషన్ కుడతాను. నలభై ఏళ్ళుగా ఒకే గది, చెరో మూల. పోయినేడు ఓ రోజు తన ప్యాంటే తెచ్చి నా మిషన్ మీద పడేశాడు.

"నడుం దగ్గర వదులైంది, ఓ అంగుళం లాగవే" అన్నాడు.

లాగాను. రెండు నెలలకి మళ్ళీ తెచ్చాడు. మళ్ళీ లాగాను. మూడోసారీ అంతే. గిరాకీ బట్టలు సరిచేసినట్టు చేసిచ్చానే గానీ, ఆ అంగుళాలన్నీ ఈ మనిషి ఒంట్లోంచే పోతున్నాయని నాకు తట్టనేలేదు. కొలత తేడా వస్తే మేం చూసేది బట్టనే కదా.

పక్కింటావిడ "ఏంటమ్మా, మీ ఆయన అలా చిక్కిపోయాడు?" అన్నాక తేరిపార చూశాను. ఇక నాకు తెలిసిన వైద్యం మొదలెట్టాను. కూరలో నూనె రెండింతలు పోశాను, మాంసం కొవ్వుతో సహా వండాను, వెన్న కలిపి పెట్టాను. తిన్న కాసేపటికే కడుపు పట్టుకుని మరుగుదొడ్డికి పరుగు. చెప్పడానికి సిగ్గేగానీ చెప్తున్నా, ఎన్ని నీళ్ళు పోసినా పోయేది కాదు. పాలిపోయి, జిడ్డుగా, పైకి తేలేది. ఆ వాసన గురించి అడక్కండి.

తర్వాత కంచం చూస్తేనే మొహం తిప్పుకోవడం మొదలెట్టాడు.

"నా వంట మీద అలిగావా ఏంటయ్యా?"

"నలభై ఏళ్ళు ఓర్చుకున్నవాణ్ణి, ఇప్పుడు అలుగుతానా?"

నవ్వాలనిపించలేదు. ఎత్తిన గరిటె మళ్ళీ గిన్నెలో పెట్టేశాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పరీక్షలు చేయించింది. కడుపులో క్లోమం అని ఒకటుందట. కొవ్వుని అరిగించే రసం అదివ్వాలట, ఈయనకి ఇవ్వడం మానేసిందట. తిన్న నూనె తిన్నట్టే బయటికొచ్చేస్తోందట. "ఇంకా తగ్గితే మనిషి దక్కడం కష్టం" అంటూ ఆ రసానికి బదులు పనిచేసే మాత్రలు రాసింది. ఎప్పుడు వేయాలో కూడా చెప్పే ఉంటుంది. ఆ ఒక్క మాట తర్వాత నా చెవికేం ఎక్కలేదు.

ఆయన బీపీ మాత్ర పొద్దున్నే పరగడుపున వేస్తాను. ఇవీ దాంతోపాటే వేశాను. నలభై రోజులు, ఒక్కరోజు తప్పలేదు. ఆయన తగ్గుతూనే ఉన్నాడు. బట్ట సగం కత్తిరించి కూర్చుండిపోయేవాడు. పక్కకి తిరిగి కుట్టుకునేదాన్ని.

మా అమ్మాయి చూడ్డానికొచ్చి మాత్రల డబ్బా తిప్పి చదివింది.

"అమ్మా, ఇవెప్పుడు వేస్తున్నావ్?"

"పొద్దున్నే. పరగడుపున."

"అయ్యో అమ్మా! ఇవి తిండితో వేయాలి, మొదటి ముద్దతో. కడుపులో ఏమీ లేకపోతే అవి దేన్ని అరిగిస్తాయి, నీ తలకాయనా?"

"మీ అమ్మనేమీ అనకు. రెండు పూటలా వేసి డబ్బులు దండగ చేయలేదు, నయం" అన్నాడు మా ఆయన.

నాకు ఏడుపు రాలేదు. లేచి రెండు గుడ్లు నూనెలో వేయించాను.

ఆయన మొదటి ముద్దతో మాత్ర మింగాడు. సగం తిని, మరుగుదొడ్డి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. గంటైంది. లేవలేదు. మర్నాడూ అలాగే, ఆ మర్నాడూ అలాగే. నాలుగోరోజు కుర్చీ వేసుకోలేదు.

"ఆకలేస్తోందా నాన్నా?" అంది అమ్మాయి.

"ఆకలని కాదుగానీ, తినాలంటే భయమైతే లేదు."

ఇంకో గుడ్డు కంచంలో వేశాను. వద్దనలేదు.