తైసియా మడి మీద మంచు

మార్చి నెలాఖరుకు కూడా మా తోటల్లో మోకాలి లోతు మంచు ఉంటుంది. ఏడాది పొడవునా దాచిన పొయ్యి బూడిదను మళ్ళ మీద చల్లితే, ఆ నలుపు ఎండను పట్టి మంచును కరిగిస్తుంది. ఎవరి మడిలో ముందు మట్టి కనిపిస్తే ఆ ఏడు గొప్పంతా ఆ ఇల్లాలిదే. మా తోటల వరుసలో ఆ గొప్ప ఎప్పుడూ నాదే.

ఈసారి పట్నం నుంచి తోట ఇంటికి వచ్చి చూద్దును కదా, నా స్ట్రాబెర్రీ మడి సగమే బయటపడింది. కంచె అవతల తైసియా మడి మొత్తం తేలి, ఆకులు పచ్చగా మెరుస్తున్నాయి. ఆవిడ మొగుడు పోయాడు, ఇటుకల పొయ్యి కూలిపోయింది. మరి బూడిదెక్కడిది? షెడ్డులో చూస్తే నా రెండు బకెట్లలో ఒకటి పూర్తిగా ఖాళీ, రెండోది కాస్తే తగ్గింది. వారం కిందట బూడిద చల్లడానికి వచ్చింది మా ఆయన యెఫీమ్ ఒక్కడే.

"ఏమయ్యా, నా బూడిదేదీ?"

"తైసియా అడిగితే ఇచ్చానే. బూడిదేగా, బంగారమా?"

"అడిగితే ఇచ్చేయడమేనా? రేపు ఇంకోటి అడుగుతుంది, అదీ ఇస్తావా?"

"నీ నోటికో దణ్ణం," అంటూ టీ పెట్టుకోడానికి లోపలికి పోయాడు.

ఇవ్వడమేంటి, చల్లింది కూడా ఆయనే. ఆయన బూట్ల గుర్తులు కంచె దాటి వెళ్ళాయి. నా మడి మీద కోళ్ళకు గింజలు విసిరినట్టు విసిరాడు, ఆవిడ మడి మీద జల్లెడ పట్టినట్టు చల్లాడు. పెళ్ళైన కొత్తలో కూడా నాకోసం ఏ పనీ అంత ఓపిగ్గా చేసి ఎరగడు. నా కడుపు రగిలిపోయింది.

ఆయన కునుకు తీస్తుంటే, దారి శుభ్రం చేసే నెపంతో పార పట్టాను. దారిలోని మంచునంతా కంచె మీదుగా ఆవిడ మడిలో పోశాను. అది చాలక షెడ్డు వెనకది కూడా తవ్వి తెచ్చాను. పచ్చదనం మచ్చుకైనా కనపడకుండా కప్పేశాక గాని ప్రాణం కుదుటపడలేదు. మిగిలిన బకెట్ బూడిద నా మడి మీద కుమ్మరించాను. నాలుగు ఎండలకు అదీ పూర్తిగా తేలింది.

ఏప్రిల్‌లో చలి తిరగబెట్టింది. పైన మంచు దుప్పటి లేని మొక్క ఆ చలికి బతుకుతుందా? మంచు కరిగి తేలిన మళ్ళన్నీ మాడిపోయాయి. నాదైతే ఒక్క మొక్క మిగల్లేదు.

మంచు పూర్తిగా కరిగాక తైసియా పరుగున వచ్చి నన్ను వాటేసుకుంది.

"నీ కడుపు చల్లగుండ, వదినా! ఆరోజు కిటికీలోంచి చూసి, ఈవిడకేమైనా పిచ్చి పట్టిందా అనుకున్నా. చలి మళ్ళీ వస్తుందని నీకెలా తెలిసిందే తల్లీ? నీ మడి గాలికొదిలేసి నాది కాపాడావు!"

యెఫీమ్ నా వైపు చూశాడు. ఇన్నేళ్ళు కాపురం చేసినవాడు, ఆయనకు తెలీదా? మీసం కింద నవ్వు దాచుకున్నాడు.

"మా రిమ్మాది వెన్నలాంటి మనసు తైసియా. నీ పొయ్యి కూడా కట్టిపెట్టమని రోజూ నా ప్రాణం తీస్తోంది. ఏమే, రేపు మొదలుపెట్టనా?"

తైసియా నా చేతులు వదలకుండా, కళ్ళనీళ్ళతో చూస్తోంది.

"పెట్టు," అన్నాను. "ఇటుకలందించడానికి నేనూ వస్తా."