బాపు అన్న మాట

నా రాతలో ఒత్తులు జారతాయి. దీర్ఘాలు ఉండవలసిన చోట ఉండవు, అక్కర్లేని చోట ఉంటాయి. మనవరాలు వదిలేసిన పలక మీద అక్షరాలు దిద్దుకున్నదాన్ని, ఒక పేజీ నిండేసరికి పొద్దు గుంకుతుంది. చదివేవారు తప్పులు సర్దుకుని కథ పట్టుకోమని మనవి.

మహాత్ముడు పోయిన వారానికి నందిగామ పోలీసు స్టేషన్ నుంచి డాక్టరు వరప్రసాదరావుకు కబురొచ్చింది. ఆయన ఆసుపత్రిలో రోగులను చూడటం ముగించి చేతులు కడుక్కుంటున్నాడు. తడి చేతులతోనే బయలుదేరాడు.

వరండాలో ఎస్సై కుటుంబరావు ఎదురొచ్చాడు.

“రండి డాక్టరుగారూ. వీడిది పిచ్చో పితలాటకమో మీరొక్క ముక్క చెబితే మాకు అన్నం సహిస్తుంది.”

సంగతి ఇది. నైజాంలో రజాకార్ల బాధ పడలేక సరిహద్దు దాటి వచ్చిన జనం జగ్గయ్యపేటలో పాకలు వేసుకుని ఉంటున్నారు. ముందురోజు బజార్లో మహాత్ముడి పటం పెట్టి బాపూ బాపూ అని భజన చేస్తుంటే, ఆ పాకల్లో ఉండే కుర్రవాడొకడు జనం మధ్యకొచ్చి, “బాపును సంపింది నేనే” అని అరిచాడు. జనం మీదపడి కొట్టారు. పోలీసులు ఎలాగో లాగి నందిగామ తెచ్చారు.

“పైకి తంతి కొట్టాను. రేపు పెద్దవాళ్లు వస్తున్నారు,” అన్నాడు కుటుంబరావు. “పిచ్చి కాదంటే వాళ్లే తీసుకుపోతారు. వాళ్లు అడగటం మేం అడిగినట్టు ఉండదు. పిచ్చి అంటారా, వాల్తేరు పిచ్చాసుపత్రి.”

రెండిట్లో ఏది చెప్పినా ఆ మనిషి తిరిగి రాడని డాక్టరుకు తెలుసు. లోపలికి వెళ్లాడు.

కుర్రవాడికి పాతికేళ్లుంటాయి. నుదురు వాచి ఉంది. రెండు చేతులూ ఊచలకు బేడీలతో బిగించి ఉన్నాయి. ఒంటి మీద గోచీ తప్ప గుడ్డ లేదు. పక్కన హెడ్ కానిస్టేబుల్ అచ్చయ్య నిలబడి ఉన్నాడు.

“వదిలితే తల గోడకేసి కొట్టుకుంటున్నాడండి. పంచె ఊడదీసి మెడకు చుట్టుకోబోయాడు. అందుకని అదీ తీసేశాం.”

“బేడీలు తియ్యి అచ్చయ్యా.”

“కరుస్తాడేమోనండీ.”

“కరిస్తే కట్టు కట్టుకోటానికి నా దగ్గర గుడ్డ ఉందిలే.”

అచ్చయ్య గొణుక్కుంటూ తీశాడు. డాక్టరు కంబళి తెప్పించి మడత పెట్టి, కుర్రవాడి తలకూ గోడకూ మధ్య ఆనించాడు. తనూ నేల మీద కూర్చున్నాడు. మంచినీళ్ల చెంబు దగ్గరగా జరిపాడు. నీళ్లు తాగాక పేరు అడిగాడు.

“ఓదెలు,” అన్నాడు కుర్రవాడు. ఓరుగల్లు అవతల పల్లె అన్నాడు.

“ఓదెలూ, చచ్చిపోవాలని ఉందా నీకు?”

అచ్చయ్య ఉలిక్కిపడ్డాడు. “అదేంటండీ, అలా అడిగితే లేని ఆలోచన ఎక్కించినట్టు కాదూ?”

“పంచె మెడకు చుట్టుకున్నవాడికి నేను కొత్తగా ఎక్కించేదేముందయ్యా? ఒకరు అడిగితే ఆ బరువు కాస్త దిగుతుంది.”

“ఉన్నది,” అన్నాడు ఓదెలు, ఊచల వంక చూస్తూ.

“బాపును ఎట్లా చంపావు?”

“గొళ్లెం పెట్టిన.”

తుపాకీ మాట వస్తుందనుకున్న డాక్టరు ఆగిపోయాడు. “ఏ గొళ్లెం?”

“ఇంటికి. బయటి దిక్కు.” ఓదెలు గొంతులో తడి లేదు. “బాపుకు కండ్లు కనవడయి. ఉరుకలేడు. తలుపుకు గొళ్లెముంటే రజాకార్లు ఇల్లు ఉత్తదనుకొని పోతరని పెట్టిన. నేను జొన్నచేన్ల దాసుకున్న. ఇంటికి అగ్గి పెట్టిన్రు సారూ. గొళ్లెం నేనే పెట్టిన.”

అచ్చయ్య డాక్టరు చెవి దగ్గరకు వంగాడు. “గాంధీగారికి కళ్లు కనపడకపోవటం ఏంటండీ?”

“ఓదెలూ, మీ నాన్నను ఏమని పిలుస్తావు?”

“బాపు అనే పిలుస్త. ఇంకేమంటరు?”

అచ్చయ్య చేతిలోని బేడీలు చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టాడు.

బయట ఆ మాట విని కుటుంబరావు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. “నాన్నను బాపు అంటారా వాళ్లు? నేను మహాత్ముణ్ణి చంపిన ముఠాలోవాడు దొరికాడని తంతి కొట్టాను కదండీ. రావద్దని ఇంకో తంతి కొట్టాలి. ఇక జిల్లా అంతా నన్ను చూసి నవ్వుతారు. అచ్చయ్యా, పంచె ఇచ్చి పంపించెయ్యి.”

“ఇప్పుడు వదిలితే ఊరి పక్క మునేటికి పోతాడండీ. దాహానికి కాదు,” అన్నాడు డాక్టరు.

“కేసు లేనివాణ్ణి ఏ మొహం పెట్టుకుని ఉంచుకోనండీ? ఇదేమన్నా సత్రమా?”

“నా ఆసుపత్రిలో ఉంచుతాను. రాత్రింబగళ్లు పక్కన ఉండటానికి అచ్చయ్యను ఇవ్వండి.”

“దొంగలకు కాపలా కాశాను, కమ్యూనిస్టులకు కాశాను,” అన్నాడు అచ్చయ్య. “ఏమీ చెయ్యనివాడికి కాయటం ఇదే మొదలు.” అన్నాడే గాని, తువ్వాలు భుజాన వేసుకుని వెంట నడిచాడు.

ఆసుపత్రిలో ఓదెలు మంచం మీద కూర్చున్నాడు గాని మెతుకు ముట్టలేదు. “నువ్వు చంపలేదు ఓదెలూ, తగలబెట్టినవాళ్లు చంపారు,” అన్నాడు డాక్టరు. ఓదెలు మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. తను పొరపాటు మాట అన్నానని డాక్టరుకు తెలిసింది. మర్నాడు ఆ వాదన పెట్టుకోలేదు.

“గొళ్లెం పెట్టింది నువ్వే. ఎందుకు పెట్టావు?”

“బతకాలని.”

“ఎవరు?”

“బాపు,” అన్నాడు ఓదెలు. ఆ పూట రెండు ముద్దలు తిన్నాడు.

సాయంత్రం అచ్చయ్య తన ధోరణిలో తను అడిగాడు. “నాయన పోతే గుండు చేయించుకోలేదేంరా?”

“సంపినోనికి కర్మ జేసే హక్కు ఉంటదా?”

“నీకు అన్నదమ్ములున్నారా?”

“లేరు. ఒక్కణ్ణే.”

“మరి నువ్వు నీళ్లు వదలకపోతే ఇంకెవరు వదుల్తారు? దాహంతో తిరగమంటావా ముసలాయన్ని?”

డాక్టరు క్రైస్తవుడు, ఈ కర్మల లోతు ఆయనకు తెలియదు. మోయలేనివాడి మీద ఇంకో బరువు పడిందనే అనుకున్నాడు. కాని ఓదెలు తల ఎత్తాడు. స్టేషన్‌కు తెచ్చిన తరవాత ఎదుటి మనిషి మొహంలోకి చూడటం అదే మొదలు.

“నీళ్లిడవాలె. ఏటికి తోల్కపోతవా?”

తీసుకెళ్దామని డాక్టరు అనుకుంటున్నాడని విన్న కుటుంబరావు ఊరుకోలేదు. “మునేటికి పోతాడు, మునేటికి పోతాడని మీరేగా భయపెట్టింది? ఇప్పుడు మీరే తీసుకెళ్తానంటున్నారు. వీడికేమన్నా అయితే జనం నన్ను కాదు, మిమ్మల్ని అడుగుతారు.”

ఆపితే డాక్టరు ఎంతకాలం ఆపగలడు? వాడు ఏరు అడుగుతున్నది చావటానికో, బతకటానికో, ఏ గొట్టం పెట్టి చూసినా తెలిసేది కాదు. డాక్టరు రాత్రంతా ఆలోచించాడు. పొద్దున్నే ముగ్గురూ ఏటికి నడిచి వెళ్లారు.

ఒడ్డున మంగలి గుండు చేస్తున్నంతసేపూ డాక్టరు చూపు కత్తి మీదే ఉంది. తరవాత అచ్చయ్య నిక్కరు పైకి మడిచి, ఓదెలు చెయ్యి పట్టుకుని నీళ్లలోకి దిగాడు. మొలలోతు నీరు.

ఒక మునక అయింది. రెండో మునకా అయింది. మూడోసారి మునిగిన ఓదెలు లేవలేదు.

డాక్టరు బూట్లతోనే నీళ్లలోకి దిగాడు. “లాగు అచ్చయ్యా.”

“ఆగండి,” అన్నాడు అచ్చయ్య. “నా చెయ్యి వదల్లేదు. ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.”

నీళ్లు చీల్చుకుని ఓదెలు లేచాడు. లేస్తూనే “బాపూ” అని ఏడుపు అందుకున్నాడు. దెబ్బలు తిన్నప్పుడు రాని ఏడుపు, చేను అంచున మొదలు కావలసిన ఏడుపు. అచ్చయ్య ఆపమనలేదు. డాక్టరు పాంటు తడుస్తున్నా వెనక్కి పోలేదు.

దోసిట్లో నీళ్లు తీసుకుని తండ్రి పేరు చెప్పి వదిలాక, ఓదెలు అచ్చయ్యను అడిగాడు.

“నెల మాసికం గూడ పెట్టాల్నా?”

“పెట్టాలి. ఏడాది తిరిగేదాకా నెలనెలా పెట్టాలి.”

“ఎవరు పెడతారు?” అన్నాడు డాక్టరు మెల్లిగా.

ఓదెలు ఆయన తడిసిన బూట్ల వంక చూశాడు, వెర్రి ప్రశ్న అడిగినట్టు.

“నేనే గద సారూ. ఇంకెవలున్నరు?”

ఇది రాసింది చెరుకూరి సీతారావమ్మ, వయసు డెబ్భై రెండు. ఇప్పుడు ఉండేది మైలవరంలో, చిన్నకూతురి దగ్గర.