గోడకెక్కిన బత్తాయి

బాలయ్య కోడలు పళ్లు కొనే స్తోమత లేక పళ్ల బొమ్మలు కొని గోడకు తగిలించుకుందని ఎదురింటి సావిత్రమ్మ అన్నదట. "పిల్లోళ్లు ఏడిస్తే ఆ అద్దం నాకమంటదేమో!" అని కూడా అన్నదట. నీళ్ల ట్యాంకరు దగ్గర ఈ మాట విన్న పక్కింటి అరుణ, చంకలో బిందె దించకుండానే వచ్చి ఆ కోడలు రాధికకే చెప్పి పోయింది.

రాధిక నవ్వేసి గోడ మీది తన నాలుగు బొమ్మల వైపు చూసుకుంది. దానిమ్మ, సీతాఫలం, జామ, బత్తాయి. పాతకాలపు పుస్తకంలోంచి చింపినట్టు పసుపు తిరిగిన కాగితం మీద కొమ్మ, ఆకు, పువ్వు, పక్కనే నిలువునా కోసిన పండు, గింజలతో సహా. ఫోన్లో చూసి ముచ్చటపడి, మార్కాపురంలో ప్రింటు తీయించి, నల్ల చెక్క ఫ్రేములు కట్టించింది. "పైన ఎర్ర బల్బు పెట్టమంటారా మేడం? అందరికీ పెడుతున్నాం," అన్నాడు ఫ్రేములాయన. వద్దంటే చిన్నబుచ్చుకున్నాడు.

ఆ ఇంట్లో ఒక గోడ దేవుళ్లది. ఒక గోడ ఎరువుల కంపెనీ క్యాలెండరుది. ఇంకోదాని నిండా మొగుడి వాలీబాల్ కప్పులు. మిగిలిన ఆ ఒక్కటే రాధికది. ఆదివారం తర్లుపాడు బడి నుంచి తోటి టీచర్లు భోజనానికి వస్తున్నారు. అప్పటికి ఆ గోడ ఫోన్లో చూసినట్టే ఉండాలి. ఆమె పట్టుదల అదీ.

శుక్రవారం తలస్నానం చేసి వచ్చేసరికి నాలుగు పళ్లకూ పసుపు, కుంకుమ.

"ఇదేందత్తా?"

"శుక్రవారం గదమ్మా. పటాలన్నిటికీ పెట్టుకుంటా వచ్చినా," అంది పోలమ్మ.

"ఇవి దేవుళ్లు కాదు, పళ్లు!"

"అయితే ఏం? పటం గట్టినాక ఒకరికి పెట్టి ఒకరికి పెట్టకుంటే ఏం మర్యాద?"

"బొట్టుతో జామకాయ కళగానే ఉందే," అన్నాడు మొగుడు మోహన్‌కృష్ణ. రాధిక చూసిన చూపుకు, మేకలు పిలవకపోయినా వాటి దొడ్లోకి పోయాడు.

రాధిక తడిగుడ్డతో అద్దాలు తుడిచి, ఇంకెప్పుడూ వాటిని ముట్టుకోనని అత్త దగ్గర మాట తీసుకుంది. మామ బాలయ్య మాత్రం పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని బత్తాయి బొమ్మ ముందు నిలబడి, ఆకునీ కాయనీ కళ్లు చికిలించి చూసేవాడు. ఈ ఇంట్లో అందం తెలిసిన మనిషి ఒక్కడైనా ఉన్నాడని ఆమె సంబరపడింది.

ఆదివారం టీచర్లు దిగారు. రాధిక ముందు నడిచి, "రండి, నా గోడ చూద్దురు," అంటూ హాల్లోకి తీసుకొచ్చి ఆగిపోయింది. మూడు ఫ్రేములు తళతళలాడుతున్నాయి. నాలుగోదానికి బంతిపూల దండ. కింద అరటిపండుకు గుచ్చిన అగరువత్తి పొగ నేరుగా బత్తాయి మొహానికే పోతోంది.

"అత్తా!"

"నేను మాట తప్పలేదు తల్లీ," అని పోలమ్మ వంటింటి గడపలోంచే కళ్లతో వసారా వైపు చూపించింది.

వసారాలోంచి బాలయ్య వచ్చాడు. తువ్వాలుకు బంతిరేకులు అంటుకుని ఉన్నాయి. పక్కకు జరిగిన దండను సరిచేశాడు.

"మామా, నువ్వా?" అంది రాధిక.

హెప్సిబా టీచరు నవ్వు ఆపుకోలేకపోయింది. "ఏంది పెదనాయనా, మూడిటినీ వదిలేసి బత్తాయికొక్కదానికే దండేసినావు?"

బాలయ్య ఆమె వైపు తిరిగాడు.

"బోర్లెండిపోతే నూటిరవై బత్తాయి చెట్లు నా చేత్తోనే కొట్టేసినా. దండ సచ్చినోళ్లకు గాక ఇంకెవరికేస్తారమ్మా?"