రాగి బిందె నీళ్ళు

ఆడపడుచు నోరు తెరిచి అడిగితే కాదనకూడదన్న మాట ఎవరు పుట్టించారో గాని, వాళ్ళింట్లో చేపల తొట్టి ఉండి ఉండదు. ఉంటే వాణి గోడు వాళ్ళకి అర్థమయ్యేది.

రాజోలులో ఎరువుల కొట్టు నడిపే రాంబాబు భార్య వాణి. ఆ ఇంట్లో మంచం ఎటు వెయ్యాలన్నా, పప్పులో పోపు ఎంత పెట్టాలన్నా అత్తగారు సీతారత్నం గారి మాటే. వాణిది అని చెప్పుకోడానికి హాల్లో కిటికీ పక్కన ఉన్న గాజు తొట్టి ఒక్కటే. మామూలు తొట్టి కాదు, ఉప్పునీటి తొట్టి. ప్యాకెట్లలో వచ్చే సముద్రపు ఉప్పు తెప్పించి, శుద్ధి చేసిన నీళ్ళలో కొలిచి కలిపేది. "అంతర్వేది పోతే సముద్రమంతా ఊరికే దొరుకుద్ది గదండీ, ఈవిడగారు ఉప్పు కొనుక్కుని సముద్రం వండుకుంటున్నారు," అని వీధిలో నవ్వుకునేవారు. నవ్వనీ, నవ్విన నాపచేనే పండుతుంది అనుకుంది వాణి.

పండింది కూడా. ఏడాది పాటు ఉత్త రాళ్ళతో నీళ్ళని నిలకడకి తెచ్చి, అప్పుడు ఎనిమోన్‌ని తెప్పించింది. చూడ్డానికి అది పువ్వు, నిజానికి జంతువు. రాయిని కరుచుకుని, వేళ్ళలాంటి రేకులు ఊపుతూ ఉంటుంది. ఆ రేకు తగిలితే వేరే చేపలు చస్తాయి. నారింజ ఒంటి మీద తెల్ల పట్టీలుండే క్లౌన్ చేపలకి మాత్రం అదే ఇల్లు, అదే పడక. వాణి ఒక జంటని తెచ్చి వదిలితే, చాలా రోజులు దాని వంక కూడా చూడకుండా తిరిగి, ఒక పొద్దున పువ్వులోకి దూరి కూర్చున్నాయి. ఆవేళ పొయ్యి మీద పాలు పొంగిపోయినా ఆమె తొట్టి ముందునుంచి లేవలేదు.

జంటలో పెద్దది ఆడది. పెత్తనం దానిదే. చిన్నది మగది, దాని వెనకాలే తిరుగుతుంది. పెద్దదానికి దొరసాని అని పేరు పెట్టుకుంది వాణి. గింజంత రొయ్య ముక్క వేస్తే దొరసాని తను తినకుండా నోట కరుచుకెళ్ళి పువ్వుకి పెట్టేది. అత్తగారు లేని కాపురం ఎంత ముచ్చటగా ఉందో అని వాణి నవ్వుకునేది. తుపానుకి కరెంటు పోయిన రోజున వాటికి గాలాడాలని చెంబుతో నీళ్ళు ముంచి పోస్తూ, చేతులు పడిపోయేదాకా కూర్చుంది.

అలాంటి ఇంటికి, అమలాపురంలో కొత్త మేడ కట్టుకున్న ఆడపడుచు విజయదుర్గ గృహప్రవేశానికి పిలవడానికి వచ్చింది. బొట్టు పెట్టే పని అయ్యాక తొట్టి ముందు నిలబడిపోయింది.

"అమ్మా, మా హాల్లోకి ఇంతకి రెండింతల తొట్టి పెట్టించేం. ఇవి గాని అందులో ఉంటే ఎంత లక్షణంగా ఉంటాయే!"

"అయితే పట్టుకెళ్ళవే. ఆడపిల్ల కోరి అడిగితే లేదనడం ఇంటికి మంచిది కాదు," అంది సీతారత్నం.

వాణి వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చింది. "వదినగారూ, కొత్త నీళ్ళలో ఈ పువ్వు బతకడం కష్టమండి. మీ తొట్టి నీళ్ళని ఒక ఏడాది నిలకడకి రానివ్వండి. అప్పుడు నేనే తెచ్చి పెడతానండి."

"చేపలకీ ముహూర్తాలు పెడుతున్నావేంటే!" అంది విజయదుర్గ. అందరూ నవ్వారు. రాంబాబు పేపరులోంచి తల ఎత్తకుండా, "ఇచ్చెయ్యవే. నువ్వు మళ్ళీ తెచ్చుకుందువు గాని," అన్నాడు.

రాయితో సహా పువ్వునీ, చేపల జంటనీ మూత ఉన్న బకెట్లో పెట్టి కారెక్కించారు. వాణి ఇంట్లో ఉత్త నీళ్ళ మీద లైటు వెలుగుతూ ఉండిపోయింది. అందాకా ఆమెకి ఏడుపే గాని కోపం లేదు. కోపం గృహప్రవేశం నాడు వచ్చింది. చుట్టాలంతా తొట్టి చుట్టూ మూగి ఉంటే విజయదుర్గ, "సింగపూరు నించి తెప్పించేమండి," అంటోంది. వాణిని చూసి దొరసాని అద్దం దగ్గరకి వచ్చింది. వాణి చెయ్యి చాపింది.

"ముట్టుకోకు వాణీ! నీకు తెలీదు, పాడైపోతాయి," అంది విజయదుర్గ, పదిమందిలో.

వాణి చెయ్యి వెనక్కి తీసుకుంది. నీ అంతు చూస్తాను అనుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ అనని మాట అది. అనుకున్నాక ఒళ్ళు తేలికైంది.

సాయం శత్రువే చేసింది. వారాలు గడిచాక విజయదుర్గ ఫోన్ చేసి, "తొట్టిలో నీళ్ళు తగ్గిపోతున్నాయే. ఏం పొయ్యమంటావ్?" అని అడిగింది. ఆవిరయ్యేది నీరే, ఉప్పు అందులోనే ఉంటుంది, కనక శుద్ధి చేసిన మంచినీళ్ళు పొయ్యాలి. ఆ మాట వాణి నాలుక చివరికి వచ్చింది. ఈలోగా విజయదుర్గే అందుకుంది.

"మేం రాత్రి రాగి బిందెలో పోసి ఉంచిన నీళ్ళే తాగుతున్నాం, ఆరోగ్యానికి మంచివని. అవే పొయ్యనా?"

మనుషులకి ఎంత మంచివో గాని, రాగి ఎనిమోన్‌కి విషం. పైగా నీళ్ళతో పాటు ఆవిరైపోదు, పోసిన కొద్దీ తొట్టిలో పేరుకుంటుంది. ఇది తెలిసినవాళ్ళు ఆ ఇంటా వంటా వాణి ఒక్కతే.

"ఆయ్. పొయ్యండి వదినగారూ," అంది.

ఫోన్ పెట్టేసి లెక్క వేసుకుంది. రాగి ముందు పువ్వుని చంపుతుంది, చేపలు కొంత ఓర్చుకుంటాయి. పువ్వు వాడిపోగానే వదినగారు ఏడుస్తూ పిలుస్తుంది, అప్పుడు వెళ్ళి దొరసానినీ దాని మొగుణ్ణీ తెచ్చేసుకోవచ్చు. ఆ పూట వాణి చేసిన పనసపొట్టు కూర అమృతంలా కుదిరింది. రాంబాబు రెండోసారి వడ్డించుకున్నాడు.

తర్వాత విజయదుర్గ వీడియో కాల్ చేసింది. పువ్వు రేకులు కుదించుకుని, నోరు తెరుచుకుని, రాయి మీద వాలిపోయి ఉంది. దాని మీదే దొరసాని తిరుగుతోంది. నోట్లో ఏదో ముక్క, పెట్టబోతే పువ్వు పట్టుకోవడం లేదు. ఆపెయ్యండి, నీళ్ళన్నీ మార్చెయ్యండి అంటే చాలు. కానీ తెర మూల నుంచి విజయదుర్గ మొహం కనబడుతోంది. ముట్టుకోకు అన్న మొహం.

"అలిగిందండి. ఇంకాస్త పొయ్యండి, తేరుకుంటుంది," అంది వాణి.

ఆ తర్వాత పిలుపు రాలేదు. వాణి ఫోన్ చేస్తే, "బాగానే ఉన్నాయ్‌లేవే," అని పెట్టేసింది. ఏడుస్తూ పిలుస్తుందనుకున్న మనిషి పిలవకపోయేసరికి వాణికి కాలు నిలవలేదు. పూతరేకులు చుట్టి, డబ్బాకెత్తి, అత్తగారిని వెంటబెట్టుకుని అమలాపురం బస్సెక్కింది.

తొట్టి నీళ్ళు కలకబారి పాలలా ఉన్నాయి. పువ్వు కుళ్ళి నీళ్ళన్నీ విషం చేసింది. దొరసాని లేదు. "మొన్ననే కొబ్బరిచెట్టు మొదట్లో పూడ్చిపెట్టేం," అంది విజయదుర్గ. పక్కన బకెట్లో కాసిని మంచి ఉప్పునీళ్ళలో మగచేప ఒక్కటీ మూలకి నక్కి ఉంది. వాణి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏం బాధపడకు," అంది విజయదుర్గ, పళ్ళెంలోంచి పూతరేకు తీసుకుని తింటూ. మొహం కళకళలాడుతోంది. "సిద్ధాంతిగారిని అడిగేం. కొత్తింటికి రావలసిన కీడు ఆ చేప మీదేసుకుని పోయిందట. ఎంత అదృష్టమో అన్నారు."

"నేనన్లేదూ? ఇంటాడపిల్లకి ఇచ్చింది ఊరికే పోదు," అంది సీతారత్నం, రెండో పూతరేకు అందుకుంటూ.

"మళ్ళీ ఓ జంట పెంచిపెట్టు వాణీ. నీ చెయ్యి మంచిది."

వాణి పాలలాంటి ఆ నీళ్ళ వంక చూసింది. తన దొరసానిని తన నోటితో చంపుకుంది. దాన్ని వీళ్ళు దిష్టి తీసిన గుమ్మడికాయని చేసి పారేశారు. పగ తీరలేదు సరికదా, శత్రువుకి పండగైంది. నోరు మూసుకుని వెళ్ళిపోతే మంచి చెయ్యి అన్న పేరు మిగులుతుంది. ఆ పేరు తనకెందుకు?

"కీడు కాదండి వదినగారూ. నేనే," అంది వాణి.

"ఏంటే?"

"రాగి ఆ పువ్వుకి విషం. మీరు ఫోన్లో అడిగినప్పుడు నాకు తెలుసు. తెలిసే పొయ్యమన్నాను. వాడిపోతోందని చూపించినప్పుడు కూడా తెలిసే ఇంకాస్త పొయ్యమన్నాను."

విజయదుర్గ నవ్వబోయి వాణి మొహం చూసి మానేసింది. నములుతున్న నోరు ఆగిపోయింది. చేతిలో సగం కొరికిన పూతరేకు వంక చూసుకుని, మెల్లగా పళ్ళెంలో పెట్టేసింది. ఇన్నేళ్ళుగా రెండు పూటలా వాణి చేతి వంటే తిన్న సీతారత్నం తన చేతిలోది కూడా అక్కడే పెట్టి, వేళ్ళు కొంగుకి తుడుచుకుంది.

"తినండి," అంది వాణి. "అందులో ఏమీ లేదు."

ఇద్దరూ కదల్లేదు. వాణి పళ్ళెం ముందుకి లాక్కుని ఒక పూతరేకు తీసి నింపాదిగా తిన్నది. కళ్ళ నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. ఇంకోటి తీసింది. అది కూడా అయ్యాక లేచి, "ఆ మగచేపని ఇలా ఇచ్చెయ్యండి, బస్సు టైమైంది," అంది.

విజయదుర్గ బకెట్ రెండు చేతులతో ఎత్తి, ఆమెకి తగలకుండా చాపి ఇచ్చింది.