శ్రుతిపెట్టెకు పూనకం

పుత్తూరు దగ్గరి ఆ ఊళ్లో ద్రౌపదమ్మ గుడిలో ఏటా జరిగే భారతం ఉత్సవమంటే మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం. హరికథ ఎప్పుడూ శకుంతలమ్మదే. పోయినేడు కథ మధ్యలో ఆమె శ్రుతిపెట్టెలో బ్యాటరీ నీరసించింది. దాంతోపాటు శ్రుతీ దిగింది. శ్రుతిని నమ్మడం తప్ప ఇంకోటి ఎరగని మనిషి, ఆమె కూడా దాని వెంటే దిగిపోయింది. జనం నవ్వారు. "వయసైపోయినాది పాపం" అన్నారు కమిటీవాళ్లు. ఈసారి కూడా తప్పితే ఇక పిలవరు.

ఆ నవ్వు మీద కూతురు లోహితకు కోపం ఇంకా చల్లారలేదు. తిరుపతిలో ఎలక్ట్రానిక్స్ చదువుతోంది కదా, బ్యాటరీ అక్కర్లేని శ్రుతిపెట్టె చేసుకొచ్చింది. సౌండు సెట్టు మిక్సర్ మీద ఒక స్విచ్చి వేస్తే చాలు. శ్రుతిని మోసుకెళ్లే మైకు తీగలోంచే పెట్టెకు కావలసిన కాస్త కరెంటూ వస్తుంది.

సౌండు సెట్టు ఆదిమూలానిది. మిక్సర్‌కు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కట్టి కూర్చున్నాడు.

"మామా, ఆ ఎర్ర స్విచ్చి వెయ్యి. ఫాంటం పవర్."

"ఫాంటమంటే ఏంది పాపా? ఇన్నేండ్లూ దాని జోలికే పోలేదు నేను."

చదువుకున్న పిల్ల, ఉన్నదున్నట్టు చెప్పేసింది. "దయ్యం."

ఆదిమూలం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అమ్మోరి ముందర దయ్యాన్ని తెమ్మంటావా? నా వల్ల కాదు తల్లీ."

అది ఉత్త పేరేనని లోహిత మొత్తుకుంది. వింటేనా! అటు అమ్మ గజ్జెలు కట్టుకుని పందిట్లోకి వచ్చేసింది. లోహిత దారి మార్చింది.

"సూడు మామా, కంటికి కనపడకుండా వస్తాది. వచ్చినాక పెట్టె దానంతటదే పాడతాది. ఈడ అమ్మోరి ముందర ఆడోళ్లకు రాదా, అట్ల."

"పూనకమా?"

"పూనకమే."

"ఆ మాట ముందే సెప్పకూడదా!" ఆదిమూలం మిక్సర్‌కు దండం పెట్టి స్విచ్చి వేశాడు.

శ్రుతి లేచింది. శకుంతలమ్మ గొంతు కలిపింది. కథ నడిచి నడిచి వస్త్రాపహరణం దగ్గరికి వచ్చింది. పోయినేడు తప్పింది ఇక్కడే. అప్పటినుంచి ఇంట్లో సాధన చేసేటప్పుడు కూడా ఆమె చెవి మీంచి ఒక చెయ్యి తీయడం లేదు, తన గొంతుకు తానే కాపలా ఉన్నట్టు. ఇప్పుడూ ఆ చెయ్యి అక్కడే ఉంది.

శ్రుతి కదల్లేదు. ద్రౌపది కొంగు వదిలేసి కృష్ణుణ్ణి పిలిచే చోట, శకుంతలమ్మ చెవి మీది చెయ్యి తీసింది. రెండు చేతులూ పైకెత్తి, గొంతంతా విప్పి పిలిచింది.

పందిట్లో ఆడవాళ్లు ద్రౌపది కోసం ఏడ్చారు. లోహిత అమ్మ కోసం ఏడ్చింది.